స్ప్రింగర్ గీసిన ఆ వీధి నిజంగా ఉందా? ఉంటే మరి ఆయన్ని రొమాంటిక్ అని ఎందుకంటారు?

మాస్టారూ, మీరు అడిగినవి మూడు. విజయవాడలో ఫ్రేములు కట్టే కొట్లో మీకు ఒక పాత క్యాలెండర్ బొమ్మ దొరికింది. డచ్ ఊరి వీధి, కింద కార్నెలిస్ స్ప్రింగర్ అని పేరు. నెట్‌లో వెతికితే ‘రొమాంటిక్ చిత్రకారుడు’ అని వచ్చింది, బొమ్మ చూస్తే మాత్రం ఫొటో తీసినట్టుంది. అందులో రొమాంటిక్ ఏముంది అన్నది మొదటిది. జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వస్తున్నారు కాబట్టి ఆ వీధికి వెళ్లి నిలబడొచ్చా అన్నది రెండోది. అబ్బాయి ఇంటి దగ్గర పాత సామాన్ల కొట్లో ఇలాంటిదే ఒక పెయింటింగ్, సంతకంతో సహా, 400 యూరోలకు ఉంది, కొనొచ్చా అన్నది మూడోది.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ బొమ్మ 1850 తర్వాతిది అయితే ఆ వీధి చాలావరకు నిజమే, వెళ్లి నిలబడొచ్చు. ఇళ్లను ఆయన కల్పించలేదు. ఏ ఎండలో చూపించాలి, ఎవరిని నడిపించాలి, ముఖ్యంగా ఏది వదిలేయాలి అన్నవి మాత్రం ఆయన ఇష్టం. రొమాంటిక్ అన్న మాట అక్కడ వర్తిస్తుంది. ఇక 400 యూరోల పెయింటింగ్ స్ప్రింగర్‌ది కాదు. బొమ్మ నచ్చితే బొమ్మగా కొనుక్కోండి, ఆ పేరు చూసి మాత్రం కొనకండి.

నేను కళాచరిత్ర చదివినవాణ్ణి కాదు. పదిహేడేళ్లుగా ఇక్కడ నెదర్లాండ్స్‌లో పాత ఇళ్లకు కొలతలు తీసి, మరమ్మతు కోసం డ్రాయింగులు గీయడం నా పని. స్ప్రింగర్ మీద నాకు ఇష్టం ఆ దారిలోనే వచ్చింది. ఆయనది కట్టడాల పని తెలిసిన కుటుంబం. పర్‌స్పెక్టివ్, భవనాల డ్రాయింగ్ అన్నయ్యే నేర్పాడు. అందుకే ఆయన గోడ గోడలా నిలబడుతుంది. ఇది కొత్తగా గీసేవాళ్లకంటే మాలాంటి టేపు పట్టుకు తిరిగేవాళ్లకు తొందరగా తెలుస్తుంది.

రొమాంటిక్ అనగానే మనకు ప్రేమ పాటలు గుర్తొస్తాయి, అక్కడే వస్తుంది చిక్కు. ఇక్కడ దాని అర్థం కాల్పనికవాదం. మన భావకవిత్వాన్ని ఏ గూట్లో పెడతామో ఆ గూడే. ఉన్నదాన్ని ఉన్నట్టు కాకుండా మనసు కోరుకున్నట్టు చూడటం, పోయినదాని మీద బెంగ. జర్మనీ, ఇంగ్లాండ్ చిత్రకారులు ఆ బెంగను తుపానుల్లోనూ కొండల్లోనూ శిథిలాల్లోనూ చూపించారు. డచ్చివాళ్లకు కొండలు లేవు. వాళ్లకున్న పెద్ద గతం పదిహేడో శతాబ్దం, ఓడల వ్యాపారంతో ఈ చిన్న దేశం ప్రపంచమంతా తిరిగిన కాలం. 1795 నుంచి 1813 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండి, ఆపైన 1830లో బెల్జియం కూడా విడిపోయాక, వీళ్లకు మిగిలింది వెనక్కి చూసుకోవడమే. ఇటుక ఇల్లు, మెట్లు మెట్లుగా ఉండే పైకప్పు ముఖం, చర్చి గోపురం, కాలువ గట్టు. వాళ్ల తాజ్‌మహల్ అదే.

ఊరి వీధుల్ని గీయడం స్ప్రింగర్ కనిపెట్టింది కాదు. ఆయనకు రెండు వందల ఏళ్ల ముందే యాన్ వాన్ డెర్ హైడెన్, ఖెరిట్ బెర్క్‌హైడె ఆ పని చేసి పెట్టారు. (ఈ వాన్ డెర్ హైడెన్ విచిత్రమైన మనిషి. ఆమ్‌స్టర్‌డామ్‌కు వీధి దీపాలు ఏర్పాటు చేసింది, మంటలార్పే పంపుకు తోలు గొట్టం తగిలించిందీ ఆయనే. బొమ్మలు ఖాళీ సమయంలో వేసేవాడేమో అనిపిస్తుంది.) పందొమ్మిదో శతాబ్దంలో వీళ్లను మళ్లీ తెరిచి చదువుకున్న తరం స్ప్రింగర్‌ది.

ఆయన 1817లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. ఊరి దృశ్యాలు వేసే కాస్పరస్ కార్సెన్ దగ్గర పని నేర్చుకున్నాడు. 1847లో ఫెలిక్స్ మెరిటిస్ అనే ఆమ్‌స్టర్‌డామ్ సంఘం బంగారు పతకం ఇచ్చింది. అప్పటిదాకా గురువు దారిలోనే నాలుగు ఊళ్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి ఒక ఊరు అతికించేవాడు. ఇక్కడి గోపురం, అక్కడి వంతెన, ఎక్కడా లేని సందు. ఆ తర్వాతే మారాడు. వేసవిలో హార్లెమ్, ఎంక్‌హౌజెన్, కాంపెన్, జ్వోల్లె, మొనికెన్‌డామ్ లాంటి ఊళ్లు తిరిగి అక్కడే కూర్చుని పెద్ద పెద్ద డ్రాయింగులు గీసుకునేవాడు. వాటిని చూసి స్టూడియోలో రంగులు వేసేవాడు. కొనేవాళ్లు క్యూ కట్టి ఎదురుచూసేవారు. 1891లో హిల్వర్సమ్‌లో పోయాడు. కొడుకు లెనార్డ్ స్ప్రింగర్ ఇక్కడ పేరున్న పార్కుల డిజైనర్. అది వేరే కథ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆయన ఎంతవరకు నిజం చెప్పాడు?

కొన్నేళ్ల క్రితం ఒక ఇంటి పని వచ్చింది. ఊరు చెప్పను, ఇంటివాళ్లకు ఇష్టం ఉండదు. ముఖద్వారం పైన కిటికీలు ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో మార్చేశారు, పాత రూపం ఎలా ఉండేదో తేల్చాలి. ఇంటావిడ ఒక ఫొటోకాపీ తెచ్చిచ్చింది, ఆ వీధిని స్ప్రింగర్ గీసిన డ్రాయింగ్. అందులో మేం పని చేస్తున్న ఇల్లు నా బొటనవేలి గోరంత ఉంది. అయినా లెక్కపెట్టాను. ఇక్కడి పాత ఇళ్ల గోడ మీద ఇనప కొక్కేలు కనిపిస్తాయి. లోపలి దూలం బయటి గోడను పట్టుకుని ఉండటానికి వేసినవి. గోడ మీద మేం కొలిచినవి ఆరు. డ్రాయింగ్‌లోనూ ఆరే, అవే ఎత్తుల్లో. పైకప్పు ముఖానికి ఒక్కో వైపు ఏడు మెట్లు, అవీ సరిపోయాయి. కిటికీ అద్దాల గడులు లెక్కపెట్టి మా డ్రాయింగ్‌లో పెట్టాం, పాత చట్రంలో దొరికిన గాడులు కూడా దానికే సరిపోయాయి. ఆ రోజు నుంచి ఆయన ఇంటి ముఖాన్ని గీస్తే నేను నమ్ముతాను.

అదే డ్రాయింగ్‌లో లేనిదీ ఒకటి ఉంది. వీధి చివర అప్పటికే ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం ఉన్నట్టు ఊరి రికార్డుల్లో మాకు కనబడింది. ఆయన కూర్చున్న చోట నుంచి అది చర్చి గోపురానికి పక్కనే కనిపించి తీరాలి. కాగితం మీద అక్కడ ఉత్త ఆకాశం. కొక్కెం ఒక్కటి కూడా వదలని మనిషి పొగగొట్టాన్ని మర్చిపోయాడంటే నేను నమ్మను.

ఆయన బొమ్మలో ఏముందో చూశాక, ఏం లేదో వెతకండి. 1832లో, 1849లో, 1866లో ఈ దేశంలో కలరా తిరిగింది. కాలువలే మురికికాలువలు, ఆమ్‌స్టర్‌డామ్‌లో వేసవి వస్తే ముక్కు మూసుకోవాల్సిందే. స్ప్రింగర్ నీళ్లలో మాత్రం ఇళ్ల నీడలు అద్దంలోలా పడతాయి. రైలు 1839లోనే ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హార్లెమ్‌కు వచ్చింది, ఆయన హార్లెమ్‌లో రైలు జాడ ఉండదు. ఊరి ద్వారాలు, ప్రాకారాలు కూల్చేస్తున్నారు, కాలువలు పూడ్చి రోడ్లు వేస్తున్నారు. హార్లెమ్ పాత కాలువను 1859లో పూడ్చేశారు, ఇప్పుడు అది బస్సులు తిరిగే రోడ్డు. కూల్చివేతలు ఎంతగా పెరిగాయంటే 1873లో విక్టర్ డె స్టూర్స్ అనే ఆయన ఒక పత్రికలో గట్టి వ్యాసం రాసి, ‘మనది మనమే పాడు చేసుకుంటున్నాం’ అన్నంత పని చేశాడు. పాత కట్టడాల్ని కాపాడాలన్న ప్రభుత్వ ప్రయత్నాలకు అది పెద్ద ఊపు. స్ప్రింగర్ వ్యాసాలు రాయలేదు. పలుగు దెబ్బ పడకముందు ఆ వీధి ఎలా ఉండేదో, ఇంకా ఎప్పటికీ అలాగే ఉంటుందన్నట్టు గీశాడు.

ఇంకో మాట. మీ బొమ్మలో ఉండేలాంటి పాత వీధులు 1860ల దాకా అలా ఎలా మిగిలాయని అనుకుంటున్నారు? పేదరికం వల్ల. ఎంక్‌హౌజెన్ తీసుకోండి. డచ్ ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి ఆ ఊళ్లో ఉండేది, పక్కనే హోర్న్‌లో ఇంకొకటి. 1799లో కంపెనీ మూతపడింది. అంతకు ముందే రేవు దెబ్బతింది, జనం వెళ్లిపోయారు. వరసలకు వరసలు ఇళ్లు కూల్చి ఇటుకలు అమ్ముకున్నారు, ప్రాకారం లోపలే ఆవులు మేసేవి. మిగిలిన ఇంటికి కొత్త ముఖం కట్టించే డబ్బు ఎవరి దగ్గరుంది? అలా పదిహేడో శతాబ్దపు గోడలు అలాగే ఉండిపోయాయి. స్ప్రింగర్ 1868లో అక్కడి జౌడెర్‌హావెన్‌డైక్ వీధిని గీశాడు, అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం వాళ్ల సేకరణలో ఉంది. ఎండలో హాయిగా కనిపించే ఆ వీధి ఒక చితికిపోయిన ఊరిది అని తెలిశాక నాకు ఆ బొమ్మ వేరేగా కనబడటం మొదలైంది.

మీరు బందరు తాలూకా అని రాశారు కాబట్టి ఇది కూడా చెబుతాను. డచ్చివాళ్లు 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టారు. మన అద్దకం గుడ్డలు ఆ కంపెనీ ఓడల్లోనే ఇక్కడికి వచ్చేవి, ఇక్కడి ఆడవాళ్లు వాటితో రవికలు కుట్టించుకున్నారు. ఇక్కడి మ్యూజియాల్లో కోరమాండల్ తీరం నుంచి వచ్చిన పూల గుడ్డలు చూస్తే మీకు తేలిగ్గానే గుర్తు తెలుస్తుంది. ఎంక్‌హౌజెన్ చితికినట్టే మన రేవూ చితికింది, 1864 ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారు. దానికి నాలుగేళ్లకే ఆయన ఆ వీధి బొమ్మ వేశాడు. రెండింటికీ సంబంధం ఏమీ లేదు, తారీఖులు పక్కపక్కన పెడితే మనసు అటు పోతుంది, అంతే.

ఇక మీ వీధిని పట్టుకోవడం ఎలా? నేను వాడే చిట్కా ఒకటుంది, డ్రాయింగ్ మాస్టారు కాబట్టి మీకు బాగా నచ్చుతుంది.

చర్చి మీకు దిక్సూచి. ఇక్కడి పాత చర్చిల గోపురం సాధారణంగా పడమర, వెనక గుండ్రంగా ఉండే భాగం తూర్పు. బొమ్మలో గోపురం ఎడమవైపు, గుండ్రటి భాగం కుడివైపు కనిపిస్తే మీరు ఉత్తరానికి తిరిగి చూస్తున్నారు. సూర్యుడు మీ వెనకాల, ఇళ్ల మీద ఎండ న్యాయమే. నీడలు కుడి నుంచి ఎడమకు పడుతుంటే పొద్దున, అటు నుంచి ఇటు అయితే సాయంత్రం. అలా కాకుండా గోపురం కుడివైపు ఉందంటే మీరు దక్షిణానికి చూస్తున్నారు, మీకు కనిపించే గోడలన్నీ ఉత్తరం ముఖం. అవి నడి మధ్యాహ్నం ధగధగ మెరుస్తుంటే చిత్రకారుడు సూర్యుణ్ణి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడన్నమాట. ఒక్క మినహాయింపు: జూన్‌లో ఇక్కడ సూర్యుడు ఈశాన్యంలో లేచి రాత్రి పదింటికి వాయవ్యంలో కుంగుతాడు. ఆ రెండు పూటలా ఉత్తరపు గోడలకూ ఏటవాలు ఎండ తగులుతుంది. కాబట్టి నీడ పొడవు కూడా చూడాలి. పొడవు నీడైతే క్షమించేయొచ్చు.

స్ప్రింగర్‌కు ఇంకో అలవాటు ఉంది. ముందు భాగం, అంటే మీ కాళ్ల దగ్గరి రాళ్ల నేల, తరచుగా నీడలో ఉంటుంది. మీ వెనక ఏదో ఎత్తైన భవనం ఉన్నట్టు. వెలుగు వీధి మధ్యలో మొదలవుతుంది. సినిమా హాల్లో చీకట్లో కూర్చుని తెర చూసినట్టు మీ కన్ను తిన్నగా అటే పోతుంది. నేను సరదాకి ఒక మూల కాపీ చేద్దామని కూర్చున్నప్పుడు తెలిసిన సంగతి ఇంకోటి. ప్రతి ఇటుకా గీసినట్టు కనిపిస్తుంది కదా, అన్నీ గీయలేదు. ఎండ బాగా పడ్డ చోట గోడ దాదాపు ఒకే రంగు. నీడ, ఎండ కలిసే అంచున మాత్రం సన్నటి గీతలతో ఇటుకలు విప్పి చూపించాడు. మిగతావి మన కన్నే కట్టుకుంటుంది. ఇది తెలియక నేను మొదట ప్రతి ఇటుకా గీశాను, మూడు ఆదివారాలు పోయాయి, చివరికి బాత్‌రూమ్ టైల్స్‌లా తయారైంది.

బొమ్మలోని మనుషుల్ని చూసి మాత్రం మోసపోకండి. బుట్ట పట్టుకున్న ఆవిడ, తోపుడుబండి, కుక్క, వీళ్లు ఊరినిబట్టి మారరు. మీకు తలుపు ఎంత ఎత్తో తెలియడానికే వాళ్లు అక్కడున్నారు.

అన్నిటికన్నా ముందు, అది స్ప్రింగర్‌దేనా అని చూసుకోండి. నేను మొదట్లో ఒక ప్రింటు పట్టుకుని రెండు రోజులు కాంపెన్ వీధులన్నీ తిరిగాను. గోపురం ఒక చోట కలిసింది, వంతెన ఇంకో చోట కలిసింది, రెండూ కలిపి ఎక్కడా లేవు. చివరికి గట్టు మీద చేపలు పడుతున్న ఒక పెద్దాయనకు చూపిస్తే, తిరగేసి వెనక పేరు చదివి నవ్వాడు. ‘ఈ వీధి అతని బుర్రలో ఉంది బాబూ’ అన్నాడు. అది అద్రియానస్ ఎవర్సెన్ బొమ్మ. స్ప్రింగర్ శిష్యుడే, మంచి చెయ్యే, కానీ చాలామటుకు ఊహించిన ఊళ్లు వేసేవాడు. విల్లెమ్ కూక్కూక్ బొమ్మల్లోనూ అంతే, వీధి నిజంలా ఉంటుంది, మ్యాపులో దొరకదు. క్యాలెండర్లవాళ్లు ఈ పేర్లన్నీ కలగాపులగం చేస్తారు. బొమ్మ కింద ఊరి పేరు ఉంటే సగం పని అయిపోయినట్టే. ఉత్త ‘డచ్ వీధి’ అని ఉంటే అనుమానించండి.

ప్రయాణం సంగతి. ఎంక్‌హౌజెన్‌కు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేరుగా రైలుంది, గంట ప్రయాణం. స్టేషన్ నుంచి రేవు, పాత డ్రోమెడారిస్ బురుజు నడిచే దూరం. మోకాళ్లకు ఇబ్బంది లేదు, అంతా బల్లపరుపు. అయితే రాళ్ల నేల, మంచి బూట్లు తెచ్చుకోండి. పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే గట్టు మీద టూరిస్టులు, కార్లు. రైక్స్‌మ్యూజియంలో ఏ బొమ్మ ఏ రోజు గోడ మీద ఉందో వాళ్ల వెబ్‌సైట్లో చూసుకుని బయల్దేరండి, స్ప్రింగర్ కోసం వెళ్లి రెంబ్రాంట్‌ను చూసి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. హార్లెమ్‌లో తేలర్స్ మ్యూజియం కూడా వదలకండి. 1784 నుంచి తెరిచే ఉంది, ఆ కాలపు చిత్రకారుల పని పగటి వెలుతురులోనే చూడొచ్చు.

ఇక 400 యూరోలు. వేలంలో మంచి స్ప్రింగర్ లక్ష యూరోలు దాటిన సందర్భాలు చాలా ఉన్నాయి. పాత సామాన్ల కొట్టువాళ్లు మనకంటే తెలివైనవాళ్లు, ఫోన్ వాళ్ల చేతిలోనూ ఉంటుంది. సంతకం చూసి ఏమీ తేల్చకండి, ఆ రెండు ముక్కలు ఎవరైనా రాస్తారు. నేను ఒకసారి 250 యూరోలు పెట్టి కొన్నాను, ఏ కొట్టో అడక్కండి. ఇంటికొచ్చి భూతద్దం పెడితే ఆకాశం అంతా చుక్కలే. ప్రింటును అట్టకు అంటించి పైన మందంగా వార్నిష్ కొట్టారు, బ్రష్ గీతలు వార్నిష్‌వి. అది ఇప్పటికీ మా మెట్ల దగ్గర ఉంది, మా ఆవిడ దాన్ని మా ఆస్తి అంటుంది.

కాబట్టి పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఒకటి తీసుకెళ్లండి. చుక్కలు కనిపిస్తే అక్కడే ఆపేయండి. చుక్కలు లేకపోతే తిప్పి వెనక చూడండి. స్ప్రింగర్, ఆ తరం వాళ్లు చాలామంది బొమ్మ వెనక ‘ఇది నేనే వేశాను’ అని చేత్తో రాసిన చీటీ అంటించి, లక్క ముద్ర వేసేవాళ్లు. చీటీ ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, కానీ లేకపోతే కొట్టువాడిని అడగడానికి మీకొక ప్రశ్న దొరుకుతుంది. నిజంగా అనుమానం వస్తే డబ్బు ఇవ్వకముందే వెనకా ముందూ ఫొటోలు తీసి ఏదైనా వేలం సంస్థకు చూపించండి. ది హేగ్‌లో ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ ఉంది, వాళ్ల డేటాబేస్‌లో స్ప్రింగర్ బొమ్మలు వెతికి పోల్చుకోవచ్చు, ఉచితమే.

మీ క్యాలెండర్ బొమ్మ సంగతి మాత్రం తేలలేదు. కింద ఊరి పేరు ఏమైనా ఉందా, చర్చి గోపురం ఎడమవైపా కుడివైపా, నీడలు ఎటు పడుతున్నాయి, ఈ మూడూ రాయండి. ఫొటో పెట్టగలిగితే ఇంకా మంచిది, ఇళ్ల పైకప్పు మెట్లు లెక్కపెట్టడానికి వీలుగా దగ్గర నుంచి తీయించండి.